జున్ను సంగతి తర్వాత, ముందు ఆవు ఏం చెబుతుందో చూడండి



మా లక్ష్మి పోయి ఈ కార్తీకానికి మూడేళ్ళు. లక్ష్మి అంటే మా హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవు. రెండో ఈతలో పూటకి ఏడెనిమిది లీటర్లు ఇచ్చింది. మూడో ఈత ఈనిన ఆరో రోజున పోయింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి రాయలేదు. ఎందుకంటే తప్పు నాది. ఎవరి తప్పో అయితే అప్పుడే రాసేసేవాణ్ణి.

ఈ మధ్య మన చుట్టుపక్కల ఊళ్ళలో ఈనిన వారంలోపే మంచి పాడి పశువులు పోయాయని వరసగా వింటున్నాను. అడిగితే అందరూ ఒకటే మాట: "బాగానే ఈనిందండి, ఏమైందో తెలీదు, రాత్రికి రాత్రి పడిపోయింది." నేనూ అప్పుడు అదే మాట అన్నాను. కానీ రాత్రికి రాత్రి ఏదీ జరగదండి. ఆవు పది, పదిహేను రోజుల ముందు నుంచే చెబుతుంది. మనమే వినిపించుకోం.

అసలేం జరిగిందో ముందు చెబుతాను.

ఈనడానికి ఇంకా పది రోజులుందనగా మా ఆవిడ అంది, "ఏవండీ, లక్ష్మి దాణా సగం వదిలేస్తుందండి. పక్క ఆవు తల విసిరితే చాలు, వెనక్కి తగ్గిపోతుంది. ఇదివరకు దీన్ని చూసి అది తగ్గేది." నేను పేపర్లోంచి తల ఎత్తకుండా, "నెలలు నిండాయి, కడుపులో చోటు లేక తినట్లేదులే" అనేశాను. మెడికల్ షాపుకి వెళ్ళి కాల్షియం డబ్బా తెచ్చి రోజూ పోశాను. నా వంతు పని అయిపోయిందనుకున్నాను.

ఆదివారం సాయంత్రం సుఖంగా ఈనింది. పెయ్యదూడ. ఊరంతా వచ్చి చూశారు. మాయ పడలేదు, పడేదాకా దూడకి పాలు పట్టకూడదన్నారు పెద్దలు. సరేనన్నాను. మాయ అర్ధరాత్రి దాటాక పడింది. తెల్లారి పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండి, జున్నుకి అడిగిన వాళ్ళందరికీ గిన్నెల్లో పోసి పంపాను. ఆ సాయంత్రం లక్ష్మి నడుస్తుంటే వెనక కాళ్ళు తడబడ్డాయి. "ఈని అలసిపోయింది" అనుకున్నాం. మంగళవారం తెల్లారేసరికి లేవలేదు. మెడ పక్కకి తిప్పి డొక్క మీద పెట్టుకుని పడుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి.

నలుగురం కలిసి మిరియాలు, వాము, బెల్లం కషాయం కాచి, వెదురు గొట్టంతో గొంతులో పోశాం. దగ్గింది, సగం బయటికి వచ్చింది. మళ్ళీ పోశాం. పదకొండు గంటలకి డాక్టరు గారు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించారు. అరగంటలో లేచి నిలబడి పేడ వేసింది. దేవుడు వచ్చినట్టే అనుకున్నాం. కానీ మర్నాటి నుంచి దగ్గు, ఎగశ్వాస. మేం పోసిన కషాయం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. శనివారం పోయింది.

పాల జ్వరం నుంచి బతికిన ఆవు, మేం పోసిన కషాయంతో పోయింది. ఇదండీ సంగతి.

ఆ తర్వాత తెలిసిన పశువైద్యులనల్లా అడిగాను, దొరికినవన్నీ చదివాను. నాకు అర్థమైంది ఒక్కటే. మనం ఈనే రోజుని పండగలాగా చూస్తాం గానీ, ప్రమాదం ఆ ఒక్క రోజులో లేదు. ఈనడానికి ముందు మూడు వారాలు, ఈనాక మూడు వారాలు, మొత్తం ఆరు వారాలు. పాల జ్వరం, మాయ పడకపోవడం, గర్భసంచిలో చీము, పొదుగు వాపు, మేత మానేసి చిక్కిపోవడం, వీటిలో ఎక్కువ భాగం ఆ ఆరు వారాల్లోనే వస్తాయి. ఆ ఈతలో పాలు, తర్వాత చూడి నిలవడం కూడా ఆ ఆరు వారాల్లోనే తేలిపోతాయి.

"మా తాతల కాలంలో ఇవన్నీ ఉన్నాయా?"

ఈ మాట నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తాతల కాలంలో సావిట్లో ఉన్నది నాటు ఆవు. పూటకి లీటరో, లీటరున్నరో ఇచ్చేది. దాని ఒంటికి అది బరువు కాదు. ఇవాళ మనం కట్టేసుకున్నది జెర్సీ క్రాసు, హెచ్‌ఎఫ్ క్రాసు. గేదెలు కూడా అంతే. మన డెల్టా నాటు గేదెలకి ముర్రా దున్నలతో సంకరం చేసుకుంటూ వచ్చి పాలు పెంచుకున్నాం. పశువు మారింది, పాలు నాలుగైదు రెట్లు అయ్యాయి. మన పద్ధతులు మాత్రం లీటరు పాల ఆవు దగ్గరే ఆగిపోయాయి. తాతలు తప్పు చేశారని నేను అనట్లేదు. వాళ్ళ ఆవుకి వాళ్ళ పద్ధతి సరిపోయింది. మన ఆవుకి సరిపోదు.

ఒక లెక్క చెబుతాను, నాకు కళ్ళు తెరిపించిన లెక్క. పెద్ద ఆవు రక్తంలో ఒక సమయానికి తిరుగుతూ ఉండే కాల్షియం సుమారు 3 గ్రాములే. పది లీటర్ల జున్నుపాలలో బయటికి పోయేది 20 గ్రాముల పైనే. అంటే ఎముకల్లోంచి, మేతలోంచి గబగబా తెచ్చుకుని రక్తంలో నింపుకోవాలి. ఆ తెచ్చుకోవడం ఆలస్యమైతే కండరాలు పనిచేయవు, ఆవు లేవలేదు. అదే పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. మొదటి ఈతకి అరుదు. మూడో ఈత దగ్గర్నుంచి, పాలు ఎక్కువిచ్చే వాటికి ఎక్కువ. గేదెలకీ వస్తుంది.

ముందు మూడు వారాలు

మొదటి పని, తేదీ తెలియాలి. ఇంజెక్షన్ చేయించిన రోజు గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆవుకి సుమారు 280 రోజులు, గేదెకి సుమారు 310 రోజులు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేయాలి. పూటకి లీటరు వస్తుంది కదా అని చివరిదాకా పిండితే, వచ్చే ఈతలో పాలు పోగొట్టుకుంటాం.

రెండోది, తిండి గమనించాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆవులు మేత దగ్గర ఎంతసేపు ఉంటున్నాయో, ఎంత తింటున్నాయో రోజూ లెక్కగట్టి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈనాక గర్భసంచికి తీవ్రంగా చీము పట్టిన ఆవులు, ఈనడానికి రెండు వారాల ముందు నుంచే మిగతా వాటికంటే తక్కువ తిన్నాయి. మేత తొట్టి దగ్గర పక్క ఆవులతో పోటీ పడకుండా వెనక్కి తగ్గాయి. ఈనే ముందు వారంలో రోజువారీ తిండి, ఎండు మేత లెక్కన ఒక్క కిలో తగ్గినా జబ్బు అవకాశం దాదాపు మూడు రెట్లు అయ్యిందట.

ఇది చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. "పక్క ఆవు తల విసిరితే వెనక్కి తగ్గిపోతుంది" అని మా ఆవిడ చెప్పింది అదే కదండీ. వాళ్ళు కెమెరాలు పెట్టి కనుక్కున్నది, మా ఆవిడ చీపురు పట్టుకుని కనుక్కుంది. నేను వినలేదు.

అందుకని చూడి పశువుని ఆఖరి మూడు వారాలు విడిగా కట్టండి, విడిగా మేత వేయండి. ముఖ్యంగా తొలిచూలు పెయ్యల్ని. పెద్ద ఆవుల పక్కన అవి సగం కడుపే తింటాయి.

మూడోది, ఏం పెడుతున్నామన్నది. మన డెల్టాలో పశువు తిండంటే వరిగడ్డి, తవుడు. సార్వా గడ్డి, దాళ్వా గడ్డి, పైన తవుడు కుడితి. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది, కాల్షియం చాలా తక్కువ. కడుపు నిండుతుంది గానీ లెక్క తప్పుతుంది. గోదారి నీళ్ళు పారే నేలలో ఉండి పచ్చిమేత కరువు ఏమిటండీ మనకి? గట్ల మీద నేపియర్ వేసుకోవచ్చు. సార్వా కోతల ముందు మన పెద్దలు పిల్లిపెసర, జనుము చల్లేవాళ్ళు. ఇప్పుడు దాళ్వా తొందరలో, మినుము తొందరలో అది మానేశాం. సగం ఎకరం చల్లుకున్నా రెండు పశువులకి సరిపడా బలమైన మేత వస్తుంది. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఏడాది పొడుగునా పెట్టండి.

నాలుగోది, కాల్షియం డబ్బా. ఇది చాలామందికి నచ్చదు. ఈనే ముందు మూడు వారాలు కాల్షియం మందు డబ్బాలకి డబ్బాలు పోయడం మంచిది కాదు. రోజూ బయటి నుంచి బోలెడు అందుతుంటే, ఎముకల్లోంచి తెచ్చుకునే ఏర్పాటు పడుకుండిపోతుంది. తీరా ఈనిన రోజు ఒక్కసారిగా అవసరమైనప్పుడు అది లేవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజుల్లోనే ఆవు పడిపోతుంది. పోయాలనుకుంటే ఈనిన వెంటనే, ఆవు నిలబడి మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు, డాక్టరు చెప్పిన మోతాదులో పోయండి. ముందు పోసిన డబ్బు దండగే కాదు, ఎదురు నష్టం.

ఈనే రోజు

తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి. పొదుగు నిగనిగలాడుతుంది. తోక ఎత్తి పట్టుకుంటుంది. పడుకుంటుంది, లేస్తుంది, వెనక్కి తిరిగి డొక్క చూసుకుంటుంది. నెమరు తగ్గిస్తుంది. మేతకి వదిలిన పశువైతే మంద వదిలి ఏ చెట్టు చాటుకో, గట్టు చాటుకో పోతుంది. అది దాని స్వభావం. పులి, తోడేలు ఉన్న కాలం నుంచి వచ్చిన బుద్ధి. ఒంటరితనం కావాలి దానికి.

మనమేం చేస్తాం? సావిట్లో లైట్లు వేసి, పదిమంది చుట్టూ చేరి, పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తాం. భయపడితే నొప్పులు ఆగిపోతాయండి. ఒక్కళ్ళు, అది కూడా రోజూ పాలు పిండేవాళ్ళు, దూరంగా కూర్చుంటే చాలు. కింద పొడి వరిగడ్డి మందంగా పరవండి. కాంక్రీటు మీద జారితే కాళ్ళు బయటికి విరుచుకుపోతాయి.

నీటి బుడ్డ కనిపించాక లెక్క మొదలుపెట్టండి. గంటలో, తొలిచూలుదైతే రెండు గంటల్లోపు దూడ పడాలి. రెండు ముందు కాళ్ళు, వాటి మీద ముట్టె, ఇది సరైన వరస. ఒక్క కాలే వచ్చినా, ముట్టె కనపడకపోయినా, తోక ముందు వచ్చినా, డెక్కల అడుగు పైకి తిరిగి ఉన్నా చెయ్యి పెట్టకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. అంతా సరిగ్గా వస్తుంటే తాళ్ళు కట్టి లాగకండి. తొందరపడి లాగితే లోపల చీరుకుపోతుంది, ఒక్కోసారి గర్భసంచే బయటికి తన్నుకొస్తుంది.

మాయ, జున్నుపాలు

ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఏమనుకోకండి.

మాయ పడేదాకా దూడకి పాలు పట్టకూడదన్నది మనలో చాలా ఇళ్ళల్లో ఉన్న ఆచారం. ఇది తలకిందుల ఆచారం. దూడ చన్ను చీకితేనే ఆవు చేపుతుంది. ఆ చేపించే హార్మోనే గర్భసంచిని కూడా బిగించి మాయ పడడానికి సాయం చేస్తుంది. దూడని ఆపితే మాయ తొందరగా పడడం మాట అటుంచి, ఉన్న సాయం కూడా పోతుంది.

దూడ సంగతి ఇంకా ముఖ్యం. మనిషి పిల్లకి తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకి అలా అందదు. దానికి వచ్చేదంతా జున్నుపాలలోంచే రావాలి. దాని పేగులు ఆ శక్తిని పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే. గంట గంటకీ తగ్గిపోతూ ఒక రోజు దాటేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. రేపు బిందెడు తాగించినా ఇవాళ తాగిన లీటరుకి సరిరాదు. అందుకని గంట రెండు గంటల్లోపు కడుపునిండా, దూడ బరువులో పదో వంతు అనుకోండి, పాతిక కిలోల దూడకి రెండున్నర లీటర్లు పట్టించాలి. పన్నెండు గంటల్లోపు మళ్ళీ పట్టాలి. బొడ్డుకి టించర్ అయోడిన్ పెట్టాలి.

"జున్నుపాలు ఎక్కువైతే దూడ పారుకుంటుంది" అంటారు. గేదె దూడలు రెండో వారంలో పారుకునేది, చిక్కిపోయేది చాలాసార్లు ఏలికపాముల వల్ల. తల్లి ఒంట్లో దాగున్న పురుగు పిల్లలు పాలతో దూడకి వస్తాయి. దానికి మందు పది, పదిహేను రోజుల వయసులో డాక్టరుని అడిగి తాగించడం. పాలు మాన్పించడం కాదు. పోతుదూడ అయితే మరీ అన్యాయం, అసలు పట్టించుకోం. దూడ పోయాక గేదె చేపట్లేదని సూది మందు వెతుక్కుంటాం. చట్టం ఒప్పుకోని పని, గేదె ఒంటికి చెరుపు. ముందు దూడని బతికించుకుంటే ఆ సూది అవసరమే రాదు కదా.

నేను జున్నుకి వ్యతిరేకిని కాదండోయ్. మిరియాలు, బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించిన జున్నుని కాదనే మనిషి గోదారి జిల్లాల్లో పుట్టలేదు. ముందు దూడ కడుపు, ఆ తర్వాత మన గిన్నె. అది కూడా మొదటి రెండు రోజులు పొదుగు ఖాళీ చేసి పిండకండి. పైన చెప్పిన కాల్షియం లెక్క గుర్తు చేసుకోండి. చుట్టాలకి ఒక గిన్నె తక్కువ పంపితే ఆవు నిలబడుతుంది.

మాయ మామూలుగా పన్నెండు గంటల్లోపు పడుతుంది. రోజు దాటితే డాక్టరుకి చూపించండి. వేలాడుతున్న మాయకి రాయి కట్టడం, చెప్పు కట్టడం, చెయ్యి పెట్టి పీకించడం వద్దు. లోపల ముక్కలు మిగిలి, చీరుకుపోయి, చీము పడుతుంది. ఆవు బతికినా మళ్ళీ చూడి నిలవదు. పశువుకి జ్వరం, కంపు కొట్టే స్రావం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

తర్వాత మూడు రాత్రులు

పాల జ్వరం చాలావరకు ఈనిన మూడు రోజుల్లోపే వస్తుంది. పడిపోయాక కాదు, పడిపోక ముందే గుర్తించాలి. మేత మానడం, ముట్టె ఎండిపోవడం, పేడ వేయకపోవడం, ఒళ్ళు సన్నగా వణకడం, వెనక కాళ్ళు తడబడడం, చెవులు చల్లబడడం. వీటిలో రెండు కనిపిస్తే ఫోన్ చేయండి. మన పల్లెల్లో రాత్రి పూట డాక్టరు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. సాయంత్రం నాలుగింటికి గుర్తిస్తే బతికే పశువు, తెల్లారి నాలుగింటికి గుర్తిస్తే బతకకపోవచ్చు. నా లక్ష్మి సోమవారం సాయంత్రమే చెప్పింది.

పడిపోయిన పశువుకి నోట్లో ఏదీ పోయకండి. నీళ్ళు కూడా వద్దు. మింగే కండరం కూడా అప్పుడు పనిచేయదు. పోసింది పోసినట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు వచ్చేదాకా రెండు పక్కలా గడ్డి మోపులు ఆనించి, బోర్లా ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంచండి. పక్కకి వాలిపోతే కడుపు ఉబ్బి చస్తుంది. కాల్షియం నరానికి ఎక్కించే పని డాక్టరుదే. గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. "నాకు వచ్చు" అనే మనిషి చేతికి సూది ఇవ్వకండి.

ఈ జబ్బుకి మందు లేని రోజుల్లో ప్రపంచమంతా పశువులు ఇలాగే పోయేవి. 1897లో డెన్మార్క్‌లో ష్మిట్ అనే పశువైద్యుడు పొదుగులోకి మందు నీళ్ళు ఎక్కించి చూశాడు, ఆవులు లేచాయి. తర్వాత వట్టి గాలి ఎక్కించినా లేస్తున్నాయని తెలిసింది. పొదుగు బిగిస్తే పాలు దిగడం ఆగుతుంది, కాల్షియం బయటికి పోదు. అసలు కారణం రక్తంలో కాల్షియం పడిపోవడమేనని ఎడిన్‌బరోలో డ్రయ్యర్, గ్రెగ్ అనే ఇద్దరు 1925లో తేల్చారు. ఎవరైనా ఇప్పటికీ పంపుతో పొదుగులో గాలి కొడదామంటే, అది వందేళ్ళ కిందటి వైద్యం అని చెప్పండి. ఇవాళ చేస్తే పొదుగు వాపు కొనితెచ్చుకోవడమే.

ఇంకో మాట. బాలింతకి పత్యం పెట్టినట్టు ఈనిన పశువుకి నీళ్ళు తగ్గించేవాళ్ళు కొందరున్నారు. తప్పండి. దూడ, ఉమ్మనీరు, పాలు అన్నీ పోయిన ఒళ్ళు అది. గోరువెచ్చని నీళ్ళు బకెట్లతో పెట్టండి, తాగినంత తాగనివ్వండి.

ఆ పైన మూడు వారాలు

ఇది మనం బొత్తిగా పట్టించుకోని కాలం. పాలు పెరుగుతుంటాయి, తిండి ఇంకా పుంజుకోదు, ఒళ్ళు కరిగి పాలవుతుంది. దాణా వదిలేసి ఉత్త గడ్డే తింటుంటే, పాలు తగ్గి, నోటి దగ్గర ఒకలాంటి తియ్యటి వాసన వస్తుంటే అది కీటోసిస్. చన్నుల్లోంచి మొదటి ధారలు రోజూ నల్లగుడ్డ మీద పిండి చూడండి. విరుగులు కనపడితే పొదుగు వాపు మొదలైనట్టే. మూత్రం కాఫీ రంగులోకి వస్తే అది భాస్వరం లోపమో, గోమార్ల జ్వరమో డాక్టరు తేల్చాలి, అదే రోజు.

గేదెలు ఎక్కువగా వానాకాలం, శీతాకాలం మొదట్లో ఈనతాయి. అదే సమయానికి గోదారికి వరద. లంక ఊళ్ళ వాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడి గేదెల్ని గట్టు మీదికి తోలి వానలో కట్టేసిన రోజులు ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో ఈనబోయే వాటిని వరద కబురు రాకముందే మెరకన ఉన్న చుట్టాల సావిట్లోకి చేర్చుకుంటే మంచిది.

ఎవరు చూడాలి?

ఆఖరి మాట. మగాళ్ళకి కోపం వచ్చినా చెబుతాను. పశువుని కొనేది మనం, అమ్మేది మనం, డాక్టరుతో మాట్లాడేది మనం. పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పిండేది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు. ఆవు మారిందని ముందు తెలిసేది వాళ్ళకే. "ఇవాళ ఎందుకో అదోలా ఉందండి" అని మీ ఆవిడ అంటే, మీ అమ్మ అంటే, లేదా మీ పాలేరు అంటే, దాన్ని మందులషాపు వాడి మాట కంటే ఎక్కువగా తీసుకోండి. రైతు సేవా కేంద్రంలో పశువుల అసిస్టెంటు నెంబరు, పశువుల అంబులెన్సు 1962 నెంబరు వాళ్ళ ఫోన్లో కూడా ఉండాలి. మనం ఊళ్ళో లేనప్పుడు "ఆయన వచ్చాక చెబుదాం" అని ఆగి పోయిన పశువులు ఎన్నో.

లక్ష్మి కూతురు సంగతి చెప్పలేదు కదూ. ఆ ఆదివారం రాత్రి మేమంతా మాయ కోసం చూస్తూ అరుగు మీద ఉన్నాం. మా ఆవిడ మాకు చెప్పకుండా చాటుగా నాలుగు చన్నుల్లోంచి తలా కాసిని పిండి, సీసాతో దూడకి పట్టేసిందట. తల్లి పోయిన నెల రోజుల తర్వాత చెప్పింది. ఆ దూడకి ఒక్క రోజు కూడా పారుడు రాలేదు.

ఆ పెయ్యే మొన్న తొలిచూలు ఈనింది. ఈసారి క్యాలెండర్ మీద తేదీలు రాసింది మా ఆవిడే. మూడు వారాలు విడిగా కట్టాం. ఈనేటప్పుడు సావిట్లో తనొక్కతే ఉంది, నన్ను కూడా బయట కూర్చోమంది. దూడ గంటలోపు పాలు తాగింది, మాయ నాలుగు గంటల్లో పడింది. జున్ను మూడో రోజున వండుకున్నాం.

మీ ఇళ్ళల్లో ఇలా పోగొట్టుకున్నవి, కాపాడుకున్నవి ఉంటే రాయండి. పోగొట్టుకున్నవి ముఖ్యంగా రాయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేను మూడేళ్ళు సిగ్గుపడి రాయలేదు. ముందే రాసి ఉంటే ఈ మధ్య పోయిన వాటిలో ఒక్కటైనా మిగిలేదేమో.

ఉంటానండి.